నారాయణఖేడ్‌లో హెచ్‌డీ టీవీ రికార్డింగ్: బాక్స్ మీది, మరి తాళం ఎవరిది?

‘హెచ్‌డీ టీవీ రికార్డ్ చేయడానికి బెస్ట్ డివైస్’ అని ఇంగ్లిష్‌లో సెర్చ్ కొట్టి చూడండి. టివో, టాబ్లో, హెచ్‌డీహోమ్‌రన్ అని వరసగా పేర్లు వస్తాయి. రివ్యూలు చదువుతుంటే నోరూరుతుంది. నాలుగు చానళ్లు ఒకేసారి రికార్డ్ అవుతాయట, ఇంట్లో ఏ ఫోన్‌లోనైనా చూడొచ్చట. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ‘వచ్చేటప్పుడు ఒకటి తెస్తా’ అన్నా సరే, వద్దనే చెప్పండి.

ఎందుకంటే అవి అమెరికా టీవీ కోసం పుట్టిన డబ్బాలు. అక్కడ ఏబీసీ, ఎన్‌బీసీ లాంటి పెద్ద చానళ్లు ఇంటి మీద పెట్టుకున్న యాంటెన్నాకి హెచ్‌డీలో, చాలావరకు తాళం లేకుండా, ఫ్రీగా వస్తాయి. ఆ సిగ్నల్‌ని పట్టి డిస్క్‌లో వేసుకోవడమే ఈ డివైస్‌ల పని. వాటి ట్యూనర్ ఏటీఎస్‌సీ అనే పద్ధతిది. మన దేశంలో నడిచేది డీవీబీ. పైగా నారాయణఖేడ్‌లో యాంటెన్నాలు అటకెక్కి ఏళ్లయింది. ఏ మేడ మీద చూసినా డిష్, లేదా స్తంభం నుంచి దిగిన కేబుల్. స్టార్ మా హెచ్‌డీ, జెమిని హెచ్‌డీ, జీ తెలుగు హెచ్‌డీ, ఈటీవీ హెచ్‌డీ... ఇవన్నీ ఆ రెండు దారుల్లోనే వస్తాయి, రెండింటికీ తాళం వేసే పంపిస్తారు.

అందుకే మన దగ్గర ‘ఏ డివైస్ కొనాలి’ అనే ప్రశ్నకంటే ముందు ఇంకోటి తేల్చుకోవాలి. రికార్డ్ చేసింది రేపు చూసి డిలీట్ చేస్తారా, లేక పదేళ్లు దాచుకోవాలా? ఈ రెండు పనులూ ఒకే బాక్స్ చేస్తుందనుకుంటే దెబ్బతింటారు.

డీటీహెచ్ బాక్స్ లోపల జరిగేది

ముందు మంచి మాట. డీటీహెచ్ హెచ్‌డీ బాక్స్‌లో రికార్డ్ చేస్తే క్వాలిటీ ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు. శాటిలైట్ నుంచి బొమ్మ అప్పటికే ఎంపెగ్-4లో కంప్రెస్ అయి వస్తుంది. బాక్స్ దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, వచ్చిన డేటాని వచ్చినట్టే డిస్క్‌లో పోస్తుంది. లైవ్‌లో ఎంత బాగుంటే రికార్డింగ్‌లోనూ అంతే.

టాటా స్కై 2008లో ‘టాటా స్కై ప్లస్’ పేరుతో రికార్డింగ్ బాక్స్ తెచ్చింది. తర్వాత వచ్చిన హెచ్‌డీ మోడల్‌లో 500 జీబీ హార్డ్ డిస్క్ లోపలే ఉండేది. ఆ కంపెనీ పేరే 2022 జనవరిలో టాటా ప్లే అయింది. ఎయిర్‌టెల్, డిష్ టీవీ, డీ2హెచ్, సన్ డైరెక్ట్ వేరే దారి పట్టాయి. వాటి హెచ్‌డీ బాక్సుల్లో చాలా మోడళ్లకి యూఎస్‌బీ పోర్ట్ ఇచ్చి, ‘డ్రైవ్ మీరే తెచ్చుకోండి’ అన్నాయి. ఇది చవక, డిస్క్ నిండితే ఇంకోటి పెట్టుకోవచ్చు. యాడ్స్‌లో ‘అన్‌లిమిటెడ్ రికార్డింగ్’ అన్నది దీన్నే.

చిన్న అక్షరాల్లో ఉండే సంగతి ఏంటంటే, బాక్స్ ఆ డేటాని డిస్క్ మీద రాసేటప్పుడు తన సొంత తాళంతో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఆ తాళం బాక్స్‌లోని సెక్యూరిటీ చిప్‌తోనో, స్మార్ట్ కార్డ్‌తోనో ముడిపడి ఉంటుంది. డిస్క్ తీసి ల్యాప్‌టాప్‌కి పెడితే విండోస్ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడుగుతుంది, ఎందుకంటే చాలా బాక్సులు డిస్క్‌ని లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేసుకుంటాయి. లినక్స్‌లో తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి గానీ, వీఎల్‌సీలో వేస్తే ఏమీ రాదు. అదే కంపెనీ, అదే మోడల్, ఇంకో బాక్స్‌కి పెట్టినా అంతే.

ఇది థియరీ కాదు. మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. వాళ్లాయన కంది పంట గురించి ఒక టీవీ చానల్ వ్యవసాయ కార్యక్రమంలో మాట్లాడాడు, పావుగంట. కొడుకు దాన్ని డీటీహెచ్ బాక్స్‌లో రికార్డ్ చేసి పెట్టాడు. చుట్టాలు వచ్చినప్పుడల్లా వేసి చూపించేవాళ్లు. రెండేళ్లకి పెదనాయన పోయాడు. ఆ తర్వాతి వానాకాలం ఒక పిడుగుకి బాక్స్ కాలింది. టెక్నీషియన్ వచ్చి మర్యాదగానే కొత్త బాక్స్ పెట్టిపోయాడు. పాత డిస్క్ తగిలిస్తే కొత్త బాక్స్ అడిగింది ఒకటే ప్రశ్న: ఫార్మాట్ చేయాలా, వద్దా?

ఆ డిస్క్ పట్టుకుని పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. “బిడ్డా, నువ్వు కంప్యూటర్ చదివినవు గదా. దీంట్లకెళ్లి మీ పెదనాయన్ని బయటికి తియ్యరాదా?”

తీయలేను. నేనే కాదు, ఆ డిస్క్‌లో ఒక్క సెక్టార్ కూడా పాడవకపోయినా ఎవరూ తీయలేరు. డేటా మొత్తం అక్కడే భద్రంగా ఉంది, తాళంచెవి కాలిపోయింది. హార్డ్ డిస్క్ ఫెయిలైతే డేటా రికవరీ వాళ్లు ఏదో ఒకటి చేస్తారు, ఇక్కడ వాళ్లకీ పని లేదు. ఆ డిస్క్ ఇప్పటికీ వాళ్ల బీరువాలోనే ఉంది, పసుపు గుడ్డలో చుట్టి. పారేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బాక్స్ కాలకపోయినా ఇదే పరిస్థితి రావచ్చు. కంపెనీ మారితే పాత రికార్డింగులు పోయినట్టే. చాలా బాక్సుల్లో రీచార్జ్ అయిపోతే, రికార్డ్ చేసుకున్నది కూడా ప్లే అవదు. అన్ని కంపెనీల సర్వీసులకీ ఒకే బాక్స్ పనిచేసేలా తయారు చేయాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. అయినా ఒక కంపెనీ బాక్స్‌ని ఇంకో కంపెనీకి వాడుకునే రోజు మన హాల్లోకి ఇంకా రాలేదు.

రేపు చూసి తీసేసే వాళ్లకైతే

సీరియల్, క్రికెట్, ఆదివారం సినిమా... వీటికి ఆ తాళంతో పేచీ లేదు. డీటీహెచ్ హెచ్‌డీ బాక్స్, యూఎస్‌బీ డ్రైవ్ చాలు. నిజానికి సీరియళ్లన్నీ జీ5, హాట్‌స్టార్, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్‌లలో వస్తున్నాయి, రికార్డింగ్ దేనికి అని మీరు అడగొచ్చు. ఇంట్లో ఫైబర్ ఉంటే మంచి ప్రశ్నే. మొబైల్ డేటా మీద నడిచే ఇంట్లో, రోజుకి రెండు జీబీల ప్లాన్‌తో, అరవై దాటిన అమ్మమ్మకి యాప్, ఓటీపీ, లాగిన్ అని చెప్పేకంటే రిమోట్‌లో ఎర్ర బటన్ నొక్కమనడం తేలిక.

బాక్స్ ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది ట్యూనర్లు ఎన్ని అని. మా వైపు ఇళ్లలో ఇది పెద్ద విషయం. బీదర్ పక్కనే ఉండటంతో ఒకే ఇంట్లో అత్తకి తెలుగు సీరియల్, కోడలికి కన్నడ సీరియల్, పిల్లలకి హిందీ కార్టూన్ కావాలి. మరాఠీ వార్తలు పెట్టే తాతలు కూడా ఉన్నారు. ఒకే ట్యూనర్ ఉన్న బాక్స్‌లో ఒకటి రికార్డ్ అవుతుంటే ఇంకో చానల్ మార్చనివ్వదు, లేదంటే ‘రికార్డింగ్ ఆపేయాలా?’ అని అడుగుతుంది. ఎవరో ఒకరు ఓకే నొక్కేస్తారు, ఆ తర్వాత ఇంట్లో మహాభారతమే. రెండు ట్యూనర్లు ఉంటే ఈ గొడవ లేదు. అలాంటి బాక్స్ పెట్టేటప్పుడు డిష్ నుంచి రెండో వైరు లాగాల్సి రావొచ్చు, ఇన్‌స్టాలేషన్ రోజే అడిగి వేయించుకోండి. మళ్లీ పిలిస్తే మళ్లీ విజిట్ చార్జీ.

రెండోది స్టోరేజ్. ఇక్కడ మన టెక్ బుర్రలు అనవసరంగా ఖర్చు పెట్టిస్తాయి. హెచ్‌డీ చానల్ బిట్‌రేట్ సెకనుకి 8 మెగాబిట్లు అనుకుందాం. అంటే సెకనుకి ఒక్క మెగాబైట్. ఐదేళ్ల నాటి మామూలు పెన్‌డ్రైవ్ కూడా ఆ స్పీడ్ అందుకుంటుంది. యూఎస్‌బీ 3.2, ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్ లాంటివన్నీ ఈ పనికి పెళ్లికి సూట్ వేసుకుని పొలానికి వెళ్లినట్టే. లెక్క ఇలా వస్తుంది: గంటకి 3.6 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎనిమిది, తొమ్మిది గంటలు. 500 జీబీలో దాదాపు 138 గంటలు. రోజుకి రెండు గంటలు రికార్డ్ చేసే ఇంటికి వారానికి 50 జీబీ చాలు.

స్పీడ్ అక్కర్లేదు గానీ ఓపిక కావాలి. లైవ్‌ని పాజ్ చేసే టైమ్‌షిఫ్ట్ ఆన్‌లో ఉంటే, చాలా బాక్సులు టీవీ నడుస్తున్నంతసేపూ డ్రైవ్ మీద రాస్తూనే ఉంటాయి. చవక పెన్‌డ్రైవ్ వేడెక్కి, కొన్ని నెలల్లో చేతులెత్తేస్తుంది. దీనికి 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్క్ మేలు. కొనేముందు బాక్స్ వెనక పోర్ట్ చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చే కరెంట్ 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో దానికి అంతకంటే ఎక్కువ కావాలి. చాలక ‘టిక్ టిక్’ అని ఆగిపోతే డిస్క్ పాడైందని షాపుకి పరుగెత్తకండి, అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టి చూడండి. సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టినా ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇంకో మాట. బాక్స్‌కి తగిలించిన డ్రైవ్‌ని బాక్స్ తనకి కావాల్సినట్టు ఫార్మాట్ చేసుకుంటుంది. పెళ్లి ఫొటోలున్న డిస్క్‌ని ‘ఖాళీ ఉంది కదా’ అని పెట్టకండి.

కరెంటు, వాన, స్విచ్‌బోర్డు

యూట్యూబ్ రివ్యూల్లో ఈ భాగం ఉండదు. మన ఊళ్లలో రికార్డింగ్ ఫెయిల్ అయ్యే కారణాల్లో మొదటిది సాఫ్ట్‌వేర్ బగ్ కాదు. రాత్రి పడుకునే ముందు అమ్మ స్విచ్‌బోర్డ్ దగ్గర టీవీ ప్లగ్ ఆఫ్ చేయడం. షెడ్యూల్ పెట్టిన బాక్స్ స్టాండ్‌బైలో ఉండాలి, కరెంట్ తీసేస్తే దానికి టైమ్ కూడా తెలియదు. బాక్స్‌కి వేరే ప్లగ్ ఇచ్చి, దాని స్విచ్ మీద సెల్లో టేప్ అంటించడమే నేను చూసిన బెస్ట్ సొల్యూషన్.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంట్ పోయినప్పుడు బాక్స్ రీస్టార్ట్ అవుతోందా? చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారే ఆ చిన్న గ్యాప్ ఫ్యాన్‌కి తెలియదు, బాక్స్‌కి తెలుస్తుంది. ఇన్వర్టర్ లేకపోతే వైఫై రౌటర్ కోసం అమ్మే మినీ యూపీఎస్ చూడండి. చాలా డీటీహెచ్ బాక్సులు 12 వోల్ట్ అడాప్టర్ మీదే నడుస్తాయి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, పిన్ సైజు, ప్లస్ మైనస్ గుర్తు అన్నీ కలిస్తేనే పెట్టండి. ఆంపియర్లు తక్కువైతే హార్డ్ డిస్క్ ఉన్న బాక్స్ నడవదు. టీవీ ఆగిపోయినా రికార్డింగ్ మాత్రం చీకట్లో తన పని తాను చేసుకుంటుంది.

వాన సంగతి వేరు. మన డీటీహెచ్ సిగ్నల్ కేయూ బ్యాండ్‌లో వస్తుంది, గట్టి వాన ఆ సిగ్నల్‌ని మింగేస్తుంది. లైవ్‌లో బొమ్మ ఆగితే రికార్డింగ్‌లోనూ అక్కడ గండి పడుతుంది. ఏ బాక్స్ కొన్నా దీనికి మందు లేదు. పెద్ద డిష్ పెడితే, యాంగిల్ సరిగ్గా ఉంటే తట్టుకునే ఓపిక కొంచెం పెరుగుతుంది. ఉరుములు మొదలైతే మాత్రం టేప్ అంటించిన ఆ ప్లగ్ తీసేయండి, డిష్ వైరు కూడా. పెద్దమ్మ బాక్స్ పోయింది అలాగే.

ప్రోగ్రామ్ గైడ్‌లో రాసిన టైమ్‌ని కూడా నమ్మకండి. ముందు ఐదు నిమిషాలు, వెనక పది నిమిషాలు ఎక్కువ పెట్టండి. క్రికెట్‌కైతే గంట.

హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డ్ అనే ఆశ

‘బాక్స్ తాళం వేస్తే ఏంటి, హెచ్‌డీఎంఐ నుంచి బయటికి వచ్చేది బొమ్మే కదా, దాన్ని క్యాప్చర్ కార్డ్‌తో ల్యాప్‌టాప్‌లోకి లాగేద్దాం’ అని ప్రతి బీటెక్ బుర్రకీ తడుతుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే ఆ చిన్న డాంగిల్స్ మీద ‘4కే’ అని రాసి ఉంటుంది. అది ఇన్‌పుట్ సంగతి. వాటిలో ఎక్కువగా కనిపించే ఎంఎస్2109 చిప్ రికార్డింగ్‌కి ఇచ్చేది సెకనుకి 30 ఫ్రేముల 1080పీ మాత్రమే, అదీ ఎంజేపెగ్‌లో నలిపి.

అసలు అడ్డం అది కాదు, హెచ్‌డీసీపీ. ఇంటెల్ తయారు చేసిన ఈ పద్ధతిలో బాక్స్ బొమ్మ పంపే ముందు ఎదుటి డివైస్‌ని ‘నీ దగ్గర కీ ఉందా’ అని అడుగుతుంది. టీవీ దగ్గర ఉంటుంది. క్యాప్చర్ కార్డ్ దగ్గర ఉండదు, కాబట్టి నల్ల తెర. దీన్ని దాటించే స్ప్లిటర్ల గురించి ఫోరమ్‌లలో చదివే ఉంటారు. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణల్ని తప్పిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. రేపు చూద్దామని ఈరోజు రికార్డ్ చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో సోనీ బీటామాక్స్ కేసులో 5-4 తేడాతో చెప్పింది. మంచి తీర్పే, కానీ అది మన కోర్టు కాదు. నేను ఆ స్ప్లిటర్ల జోలికి వెళ్లమని చెప్పను. క్యాప్చర్ కార్డ్‌ని ప్లేస్టేషన్‌కో, మీ కెమెరాకో వాడుకోండి.

బాక్స్‌కి పాత ఏవీ అవుట్‌పుట్ ఉంటే అది ఇంకో దారి. ఎరుపు, తెలుపు, పసుపు వైర్లకి పనికొచ్చే యూఎస్‌బీ డాంగిల్‌తో 720×576 బొమ్మ వస్తుంది. చాలా బాక్సుల్లో పనిచేస్తుంది, కొన్ని అక్కడ కూడా కాపీ గార్డ్ పెడతాయి. హెచ్‌డీ కాదు, పక్కన పెట్టి చూస్తే మసకగా ఉంటుంది. అయినా పెదనాయన బతికుండగా, బాక్స్ పనిచేస్తుండగా ఎవరైనా ఈ పని చేసి ఉంటే పెద్దమ్మకి ఆ పావుగంట ఈరోజు ఫోన్‌లో ఉండేది.

దాచుకోవాలంటే ఫ్రీ డిష్

నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్‌ని మన టెక్ జనం చిన్నచూపు చూస్తారు. జీశాట్-15 ఉపగ్రహం, 93.5 డిగ్రీల తూర్పు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఇందులో వస్తాయి. దాదాపు అన్నీ ఎస్‌డీ చానళ్లే, హెచ్‌డీ మోజుతో వచ్చిన వాళ్లకి నిరాశే. కానీ మామూలు ఫ్రీ టు ఎయిర్ బాక్స్ పెన్‌డ్రైవ్ మీద రాసే ఫైల్, చాలా మోడళ్లలో మామూలు టీఎస్ ఫైల్. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీతో తెరుచుకుంటుంది. కాపీ చేసుకోవచ్చు, డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, బాక్స్ కాలిపోయినా ఫైల్ మీ దగ్గరే ఉంటుంది. సెకనుకి రెండున్నర మెగాబిట్ల లెక్కన గంటకి 1.1 జీబీ. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దగ్గర ఫైల్ ఆగుతుంది లేదా ముక్కలవుతుంది, కంగారు పడకండి.

ఊళ్లో ఎవరైనా డీడీ యాదగిరిలో కనిపించబోతున్నారని తెలిస్తే, ఇంట్లో ఎంత ఖరీదైన డీటీహెచ్ ఉన్నా సరే, ఫ్రీ డిష్ బాక్స్ ఉన్న ఇల్లు వెతకండి.

కొంచెం కోడ్ రాసే వాళ్లకి ఇంకా మంచి ఆట ఉంది. టీబీఎస్ లాంటి కంపెనీల డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్, మీద టీవీహెడ్‌ఎండ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. షెడ్యూలింగ్, ఫోన్‌లో చూడటం అన్నీ వస్తాయి. ఒకే ట్రాన్స్‌పాండర్ మీద ఉన్న చానళ్లని ఒక్క ట్యూనర్‌తోనే ఒకేసారి రికార్డ్ చేస్తుంది. టివో కలలు కన్నవాళ్లకి మన నేల మీద దగ్గరి బంధువు ఇదే. రాస్ప్‌బెర్రీ పై టీవీ హ్యాట్ మాత్రం కొనకండి, అది డీవీబీ-టీ2 యాంటెన్నా సిగ్నల్‌కే, డిష్‌కి పనికిరాదు.

నా ఓటు

నారాయణఖేడ్‌లో మామూలు ఇంటికి నేను చెప్పేది: మీరు ఇప్పటికే వాడుతున్న డీటీహెచ్ కంపెనీలోనే రికార్డింగ్ ఉన్న హెచ్‌డీ బాక్స్, దొరికితే రెండు ట్యూనర్లది, దానికి 1 టీబీ పోర్టబుల్ డిస్క్. పక్కన ఒక చవక ఫ్రీ డిష్ సెట్, దాచుకోవాల్సిన వాటి కోసం. రెండూ కలిపినా ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ధరకి చాలా కిందే ఉంటాయి. డబ్బులు ఒక్కదానికే ఉంటే, ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్లు ఫ్రీ డిష్ తీసుకోండి, సీరియళ్లకి యాప్‌లు ఉన్నాయి.

ఫ్రీ టు ఎయిర్ బాక్స్‌ని ఊళ్లో కొన్నా, జహీరాబాద్‌లో కొన్నా, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దాకా వెళ్లినా, పైన ‘యూఎస్‌బీ పీవీఆర్’ అని రాసి ఉంటే సరిపోదు. కొన్ని మోడళ్లలో ఆ పోర్ట్ పాటలు ప్లే చేయడానికే. మీ పెన్‌డ్రైవ్, ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. షాపులో డిష్ కనెక్షన్ ఉన్న టీవీకి బాక్స్ పెట్టించి ఐదు నిమిషాలు రికార్డ్ చేయండి. పెన్‌డ్రైవ్ తీసి అక్కడే వీఎల్‌సీలో వేయండి. బొమ్మ, మాట రెండూ వస్తే బిల్లు రాయించుకోండి.